తాతల నాటి భోషాణం: ఎన్నేళ్ళది, ఎంత చేస్తుంది, పాలిష్ పెట్టించాలా వద్దా?

గోదారి_గట్టు
అందరికీ నమస్కారమండి. అమలాపురం దగ్గర మా ఊళ్ళో పాత పెంకుటిల్లు పడగొట్టేస్తున్నాం. నాన్నగారు, పెదనాన్నగారు సామాన్లు పంచుకుంటే మా వాటాకి భోషాణం, అదే పెద్ద చెక్క పెట్టె, వచ్చింది. పొడుగు 5 అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు రెండున్నర, పలక మందం ఒకటిన్నర అంగుళం ఉంది, నలుగురు పడితే గానీ కదల్లేదు. పైన ఎప్పుడో ఎవరో ఆకుపచ్చ ఎనామెల్ పెయింట్ కొట్టారు, వెనకవైపు ఒక కోడు (పెట్టె కాలు) చెమ్మకి పుచ్చిపోయింది. మామ్మగారు 150 ఏళ్ళు దాటింది, రంగం టేకు, అంటే బర్మా నుంచి వచ్చిన టేకు, అంటారు. పాత సామాన్లు కొనే ఆయన వచ్చి 18 వేలు చేతిలో పెడతానంటున్నాడు, మా అత్తయ్యేమో అమ్మొద్దురా, మెషిన్ పట్టించి పీయూ (పాలియురేథేన్) పాలిష్ కొట్టిస్తే హాల్లోకి అద్దంలా ఉంటుంది అంటోంది. ఏం చెయ్యమంటారు?

చిత్రిక
తమ్ముడూ ముందు ఏమీ చెయ్యకు. కడగొద్దు, గీకొద్దు, ఆ 18 వేలాయనకి మాటివ్వొద్దు. మా నాన్న వడ్రం పనే చేశారు, నేనూ కొన్నాళ్ళు చేశా, అందుకని చెప్తున్నా, పెట్టె వయసు ముందువైపు చూస్తే తెలీదు. ముందువైపు అందరూ తుడుస్తారు, రంగేస్తారు, గొళ్ళెం మారుస్తారు. అడుగు భాగం, వీపు, మూత లోపలివైపు, బందుల కింద, తాళం పెట్టె లోపల, ఇవి ఎవడూ ముట్టుకోడు. వాటి ఫోటోలు పెట్టు. టార్చ్ పక్కనుంచి ఏటవాలుగా వేసి తియ్యి, అప్పుడే రంపం గాట్లు కనిపిస్తాయి.

గాట్లు నిటారుగా, ఎడం ఒక్కోచోట ఒక్కోలా ఉంటే ఇద్దరు మనుషులు పైన ఒకడు కింద ఒకడు నిలబడి కోసిన చేతి రంపం. వంపు తిరిగి విల్లులా ఉంటే మిల్లులో గుండ్రటి రంపం. అడుగున గుంటలు గుంటలుగా చెక్కినట్టుంటే బాడిస (చెక్కే చిన్న గొడ్డలి లాంటి పనిముట్టు) దెబ్బలు, కనపడని వైపుకి చిత్రిక పట్టడం దండగని అలా వదిలేసేవాళ్ళు. కొత్తగా చేసి పాతదని అమ్మే సరుకులో ఇది తిరగబడుతుంది, కనపడనివైపు కూడా నున్నగా ఉండి కనపడేవైపు కావాలని దెబ్బలు కొట్టి ఉంటాయి.

అడితి_లెక్కలు
ధర సంగతి నేను చెప్తా. 12 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం, 12 అడుగుల పొడుగు పలక అయితే ఒక ఘనపుటడుగు, మేం సీఎఫ్‌టీ అంటాం. మీ పెట్టె ఆరు ముఖాలూ కలిపితే 62.5 చదరపు అడుగులు, మందం ఒకటిన్నర అంగుళం అంటే అడుగులో ఎనిమిదో వంతు, వెరసి 7.8 సీఎఫ్‌టీ. కోళ్ళు, లోపలి బద్దీలు అదనం. మీ దగ్గరి అడితిలో (కలప డిపోలో) పాత టేకు అడుగు ఎంతకి కొంటున్నారో కనుక్కుని గుణించండి, మాటవరసకి 3 వేలు అనుకుంటే 23,400. అంటే మీకు 18 వేలు ఇస్తానన్నాయన భోషాణానికి కాదు, కట్టెకి రేటు చెప్పాడు, అదీ తన లాభం పట్టుకుని. కోసేసి గుమ్మాలకి అమ్ముకున్నా అతనికి నష్టం రాదు. ఆ కట్టె విలువకి కిందకి మాత్రం ఏ పరిస్థితుల్లోనూ దిగొద్దు. దీనిపైన ఎంత పలుకుతుందనేది తాళం, తాళంచెవి, ఇత్తడి సామాను మొదటివేనా, పైపూత మొదటిదేనా, దాని మీద ఆధారపడుతుంది.

సీమ_సిన్నోడు
కార్బన్ డేటింగ్ చేపిస్తే సరిపోలే? యాడో ల్యాబ్‌లో ఇస్తే ఖచ్చితంగా సెప్తారంట గదా

లక్కపిడత
సీమ బ్రో, దీనికి అది పనికిరాదు. 1650 తర్వాతి కలపకి కార్బన్ లెక్క ఒకే సమాధానం ఇవ్వదు, 17వ శతాబ్దం చివర నుంచి 1950 దాకా ఏదైనా కావచ్చు అని వస్తుంది. పైగా అది చెప్పేది ఆ చెక్క చెట్టులో పెరిగిన ఏడు, మేస్త్రి పెట్టె చేసిన ఏడు కాదు. వందేళ్ళ మానుని కొట్టి, ఇంటికి దూలంగా వాడి, ఆ ఇల్లు పడగొట్టాక పెట్టె చేస్తే మూడు వేరు వేరు తేదీలు. టేకు మానులో ఏడాదికో వలయం చక్కగా పడుతుంది కాబట్టి వలయాల లెక్క పద్ధతి ఉంది, పుణెలో ఉష్ణమండల వాతావరణ సంస్థ వాళ్ళు టేకు వలయాలతో పాత వానల లెక్కలు కట్టారు కూడా. కానీ మనింటి భోషాణానికి అంత సీన్ అక్కర్లేదు, స్క్రూలు మేకులు చూస్తే చాలా వరకు తేలిపోతుంది.

గోదారి_గట్టు
ఫోటోలు పెట్టానండి. నేను చూసినవి చెప్తాను.
మూత లోపల ఉలితో చెక్కిన అక్షరాలున్నాయి, "రుధిరోద్గారి నామ సం. వైశాఖ శు." వరకు చదవగలిగాను, తర్వాత పెయింట్ కప్పేసింది. పక్కనే ఆంధ్రపత్రిక కాగితం అంటించి ఉంది, దినపత్రికే, తేదీ ఉన్న మూల చిరిగిపోయింది.
బందుల స్క్రూలు మొన తేలినవి, ఒక్క బందుకి మాత్రం స్టార్ స్క్రూలు. అడుగు పలకలకి గుండ్రటి మేకులు, మూలల్లో వెదురు సీలలు.
అడుగున ముందు రెండు పలకలకి నిటారు గాట్లు, వెనక పలకకి వంపు గాట్లు.
తాళం మీద ఇంగ్లీషులో ఇంగ్లండ్ అని మాత్రం తెలుస్తోంది.

పాతసామాను_పిచ్చి
అబ్బబ్బ సంవత్సరం పేరే చెక్కి ఉందా, అదృష్టవంతులండీ మీరు. కానీ చిక్కు కూడా అక్కడే ఉంది. రుధిరోద్గారి 60 ఏళ్ళకోసారి వస్తుంది. 1983-84 ఒకటి, అది కాదని వదిలేద్దాం. అంతకుముందు 1923-24, ఇంకా ముందు 1863-64. మామ్మగారి 150 ఏళ్ళు నిజమైతే 1863, లేదంటే 1923. తిథి, వారం రెండూ బయటపడితే పంచాంగం లెక్కతో తేల్చెయ్యొచ్చు, ఆ తిథి ఆ వారం నాడు రెండింట్లో ఏ ఏడు పడిందో చూస్తే చాలు. పెయింట్ కింద మిగతా అక్షరాలు ఉన్నాయి కాబట్టి ఆ మూత జోలికి మెషిన్ పోనివ్వకండి బాబోయ్.

ఇంకో మాట, చెక్కిన తేదీ పెట్టె పుట్టిన తేదీయే అవ్వాలని లేదు. పెళ్ళికి సారె పెట్టేటప్పుడు ఇంట్లో ఉన్న పాత పెట్టె మీద చెక్కించి పంపిన సందర్భాలు నేను చూశా.

చిత్రిక
ఒక్కొక్కటి చూద్దాం. ఇందులో రెండు రకాల సాక్ష్యాలుంటాయి. కొన్ని "అంతకుముందు కాదు" అని చెప్తాయి, కొన్ని "అప్పటికే ఉంది" అని చెప్తాయి.

స్క్రూలు: మొన మొండిగా ఉండి, తల మీద గీత పక్కకి జరిగి ఉంటే చేత్తో చేసినవి, 1850 కంటే ముందువి కావచ్చు. మొన తేలిన మెషిన్ స్క్రూలు ఆ తర్వాతే. నీవి మొన ఉన్నవి, కాబట్టి 1863కీ సరిపోతాయి 1923కీ సరిపోతాయి, ఏమీ తేలలేదు. స్టార్ స్క్రూ అమెరికాలో 1930ల మధ్యలో వచ్చింది, మన పల్లెటూళ్ళకి ఇంకా చాలా లేటు, కాబట్టి ఆ బందు తర్వాత మార్చినదే. దాన్ని విప్పి చూడు, కింద పాత చిల్లులు వేరే ఉంటాయి.

మేకులు: ఇదే అసలు పట్టు. కమ్మరి కొట్టిన మేకు నలుపలకలుగా ఉంటుంది, అది ఉంటే పాతదని చెప్పలేం, మా నాన్న హయాంలో కూడా కమ్మరి మేకులు కొట్టేవాడు. కానీ గుండ్రటి తీగ మేకు మామూలుగా వాడకంలోకి వచ్చింది 1890ల నుంచే. ఇప్పుడు నువ్వు చూడాల్సిందల్లా అడుగు పలక తగిలే అంచున ఈ మేకుల చిల్లులు కాక ఇంకో వరస పాత చిల్లులు ఉన్నాయా అని. ఉంటే అడుగు తర్వాత మార్చారు. లేకపోతే మొదటి నుంచీ ఇవే మేకులు, 1863 మాట మర్చిపో.

ఇందూరు_పిలగాడు
మా దిక్కు దీన్ని సందూగ అంటరు అన్నా. మాదొకటుండె, మా తాతది, మంచి ఆదిలాబాద్ టేకు. మా బాపు పాలిష్ చేపిద్దమని ఒకాయనకిచ్చిండు, ఆయన పెయింట్ పోవాల్నని కాస్టిక్ సోడా నీళ్ళు పోసి కడిగిండు. టేకు మొత్తం నల్లగైంది, అతుకులల్ల జిగురు కరిగి మూలలు ఊడినయి, మల్ల వాటికి ఇనుప యాంగిల్ కొట్టి తెచ్చిండు. ఇప్పుడది బియ్యం డ్రమ్ముల పక్కన పడున్నది, అమ్ముదమంటే ఎవ్వడు అడ్గుతలేడు. పాలిష్‌కి ఇచ్చేటోళ్ళు ఏం పోస్తడో ముందే అడ్గుండ్రి.

లక్కపిడత
కాస్టిక్ అంటే టేకుకి యమపాశమే. పాతకాలం జిగురు జంతువుల తోళ్ళు ఎముకలు మరగబెట్టి తీసింది, నీళ్ళకి వేడికి వదులైపోతుంది. మన దేశంలో ఫెవికాల్ వచ్చిందే 1959లో, అందుకని అతుకులో తెల్ల జిగురు ఎండి కనిపిస్తే అది తర్వాతి రిపేరు అని గుర్తు. పాత జిగురులో ఉన్న సుఖం ఏంటంటే వేడి నీటి గుడ్డ కాసేపు ఉంచితే అతుకు విప్పుకోవచ్చు, మళ్ళీ అతికించుకోవచ్చు.

గోదారి గారూ, పెయింట్ గురించి ఒక హెచ్చరిక. పాత ఎనామెల్ పెయింట్లలో సీసం ఉంటుంది. ఇళ్ళలో వాడే పెయింట్‌కి సీసం 90 పీపీఎం (పది లక్షల వంతుల్లో 90 వంతులు) మించకూడదనే రూలు మన దగ్గర 2017 నవంబరు నుంచే అమల్లోకి వచ్చింది. మీ ఆకుపచ్చ దానికన్నా ముందుదే కదా. పొడి శాండింగ్ చేస్తే ఆ దుమ్ము ఇల్లంతా పడుతుంది, పిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. హీట్ గన్ పెట్టినా పొగ ప్రమాదమే. పెయింట్ రిమూవర్ జెల్ రాసి, మెత్తబడ్డాక మొద్దు గరిటెతో ఎత్తాలి, గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట, ఎత్తినదంతా కాగితంలో పొట్లం కట్టాలి.

హైద్రాబాదీ_చాయ్
మధ్యలో దూరినందుకు ఏమనుకోకండి. నా దగ్గర ఇరానీ హోటల్ మూసేస్తుంటే కొన్న వంపు కుర్చీ ఒకటి ఉంది, సీటు కింద మేడ్ ఇన్ చెకోస్లొవేకియా అని కాగితం. ఎన్నేళ్ళది అంటారు?

పాతసామాను_పిచ్చి
ఆ దేశం పుట్టిందే 1918 అక్టోబరులో. కాబట్టి మీ కుర్చీ 1918 తర్వాతది, ఇక అనుమానం లేదు. ఆవిరి పట్టి కర్ర వంచే ఆ మోడల్ మొదట చేసింది థోనెట్ కంపెనీ, 1859లో. అదే మోడల్ మీద ఆస్ట్రియా అని ఉంటే ఇంకా పాతది అయ్యే అవకాశం ఉండేది. కాగితం ఊడిపోకుండా చూసుకోండి, దాని ధరలో సగం ఆ కాగితానిదే. కేన్ అల్లిక తెగితే ప్లైవుడ్ కొట్టించకండి, మళ్ళీ కేనే అల్లించండి.

డల్లాస్_బాబాయ్
గోదారి బాబూ, అమ్మేట్టయితే నాకు చెప్పు. 18 కాదు దానికి మూడింతలు ఇస్తాను, కంటైనర్‌లో ఇక్కడికి తెప్పించుకుంటాను. మా అమ్మమ్మ గారింట్లో అచ్చం ఇలాంటిదే ఉండేది.

పాతసామాను_పిచ్చి
బాబాయ్ గారూ తొందరపడకండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు నిండిన కళా, హస్తకళా వస్తువుల్ని దేశం దాటించకూడదు. మన పెట్టె 1923దే అని తేలినా ఇప్పటికి వందేళ్ళు నిండిపోయాయి చూశారా! వందేళ్ళు నిండలేదు అనుకునే వాటికి కూడా పోర్టులో ఆపితే పురావస్తు శాఖ నుంచి ఇది పురావస్తువు కాదని సర్టిఫికెట్ చూపించాలి. ఇక జిట్రేగి అయితే, అదే రోజ్‌వుడ్, 2017 నుంచి ఆ జాతి మొత్తం అంతర్జాతీయ సైటీస్ (అడవి మొక్కలు, జంతువుల వ్యాపారాన్ని అదుపు చేసే ఒప్పందం) జాబితాలో ఉంది, దానికి ఇంకో పర్మిట్. అక్కడే కొనుక్కోవడం నయం అండి.

డల్లాస్_బాబాయ్
అయ్యో. సరే, అయితే ఇండియాలో మా తమ్ముడింట్లో పెట్టించుకుంటా 😀

విశాఖ_అల
ఈ చట్టాల సంగతి వచ్చింది కాబట్టి అడుగుతున్నా, మా నాన్నమ్మ ఇచ్చిన చిన్న నగల పెట్టె మీద తెల్లటి పలకలు పొదిగి నల్లటి లతలు గీసి ఉన్నాయి. దంతమా ఎముకా ఎలా తెలుస్తుంది? అమ్మాలని కాదు, ఊరికే.

లక్కపిడత
విశాఖ అక్కా, భూతద్దం పెట్టి చూడండి. ఎముక అయితే సన్నటి నల్లటి చుక్కలు, గీతలు కనిపిస్తాయి, అవి రక్తనాళాల దారులు. ఏనుగు దంతం అయితే ఆ చుక్కలుండవు, అడ్డకోతలో వల అల్లినట్టు గీతలు ఒకదాన్నొకటి దాటుతూ ఉంటాయి. వేడి సూది గుచ్చే పరీక్షలు చెప్తారు, చెయ్యకండి. 18వ శతాబ్దంలో విశాఖపట్నంలో దంతం పొదిగి, గీతల్లో లక్క నింపి ఇంగ్లీషు దొరలకి పెట్టెలు, బల్లలు చేసేవాళ్ళు, వాటిలో కొన్ని లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉన్నాయి. దంతం అని తేలితే మాత్రం అమ్మకం మాట ఎత్తొద్దు, వన్యప్రాణి చట్టం 1986లో మన ఏనుగుల దంతం వ్యాపారాన్ని, 1991లో బయట నుంచి వచ్చిన దంతాన్ని కూడా ఆపేసింది.

గోదారి_గట్టు
చిత్రిక అన్నయ్య చెప్పినట్టు చూశానండి. స్టార్ స్క్రూల బందు విప్పితే కింద పాత చిల్లులు ఉన్నాయి, వాటి అచ్చు మిగతా రెండు బందులతో సరిపోయింది. అడుగున ముందు రెండు పలకల దగ్గర అంచుకి ఒకటే వరస చిల్లులు, గుండ్రటి మేకులవే. వెనక పలక, అదే వంపు గాట్లది, దాని దగ్గర మాత్రం రెండు వరసలు. అంటే అది ఒకటే మార్చారన్నమాట కదా?

చిత్రిక
శభాష్. చెమ్మకి వెనకవైపే పుచ్చింది, ఎవరో ఆ పలక ఒకటి తీసి మిల్లు చెక్క వేశారు, కోడు మాత్రం వదిలేశారు. మిగతా అడుగు మొదటిదే, అందులో తీగ మేకులు. కాబట్టి రుధిరోద్గారి అంటే 1923-24. ఆంధ్రపత్రిక దినపత్రికగా మొదలైంది 1914లో, మద్రాసులో, అది కూడా దీనికి అడ్డు చెప్పట్లేదు. మామ్మగారికి యాభై ఏళ్ళు తగ్గించి చెప్పాల్సి వస్తుంది, ఎలా చెప్తావో నీ ఇష్టం.

అడితి_లెక్కలు
రంగం టేకు సంగతి ఎవరూ చెప్పలేదు. 1942లో జపాన్ వాళ్ళు బర్మా పట్టుకున్నాక ఆ సరుకు ఆగిపోయింది, 1923లో కాకినాడకి ఓడల్లో వస్తూనే ఉండేది, కాబట్టి కావచ్చు. అలాగని భద్రాచలం అడవుల నుంచి తెప్పలు కట్టి గోదావరిలో రాజమండ్రికి దింపిన టేకు కూడా అప్పుడు దండిగా ఉండేది. రెండు పాతబడ్డాక పైకి చూసి ఇది అది అని చెప్పేవాణ్ణి నేను నమ్మను. అమ్మేవాడు రంగం అంటాడు, కొనేవాడు లోకల్ అంటాడు. చూడాల్సింది చేవ (మాను నడిమి గట్టి చెక్క) ఎంత, తెల్లచెక్క (బెరడు పక్కన ఉండే మెత్తటి చెక్క) ఎంత అని. పురుగు తినేది తెల్లచెక్కనే.

కొత్తింటి_కోడలు
నాదో డౌట్. మీరంతా ముట్టుకోకండి ముట్టుకోకండి అంటున్నారు, కానీ ఇంట్లో ఉన్న వస్తువు వాడుకోవాలి కదా? మేము మా అత్తగారి పందిరి మంచం మొత్తం శాండింగ్ చేయించి మెలమైన్ (ఒక రకం గట్టి పాలిష్) కొట్టించాం, ఇప్పుడు రోజూ దాని మీదే పడుకుంటున్నాం, పాత జిడ్డు వాసన పోయింది, నాకేం బాధ లేదు. మ్యూజియంలో పెట్టడానికి ఇల్లు కట్టుకోలేదుగా.

పాతసామాను_పిచ్చి
కరెక్టే అండీ, మంచం మీద పడుకోవాలి, వీపుకి జిడ్డు అంటితే ఎవరూ పడుకోరు. తరిణె (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) పట్టిన కోళ్ళున్న మామూలు మంచాలు వేలల్లో ఉన్నాయి, వాటికి నేనూ అభ్యంతరం చెప్పను. ఈ పెట్టె సంగతి వేరు, తేదీ చెక్కి ఉంది, బాడిస దెబ్బలున్నాయి, తాళం మొదటిది. మెషిన్ పెడితే అక్షరాల అంచులు అరిగిపోతాయి, ఆ తర్వాత అడితి గారి 7.8 అడుగుల కట్టే మిగులుతుంది. పీయూతో ఇంకో ఇబ్బంది, గీత పడితే ఆ ఒక్కచోట సరిచెయ్యడం కష్టం, మొత్తం లేపాల్సిందే. లక్క పాలిష్ అయితే ఎక్కడ పోతే అక్కడే మళ్ళీ రుద్దుకోవచ్చు.

లక్కపిడత
పెయింట్ కింద ఏముందో ముందు చూడండి. వీపు వైపు కనపడని మూల రూపాయి బిళ్ళంత మేర రిమూవర్‌తో ఎత్తి, అక్కడ దూదితో కాస్త స్పిరిట్ అద్దండి. జిగటగా మెత్తబడితే లక్క పాలిష్. స్పిరిట్‌కి చలించకపోతే తర్వాత కొట్టిన మెలమైనో ఇంకోటో.

గోదారి_గట్టు
చూశానండి, జిగటగా అయ్యింది, దూదికి నారింజ రంగు అంటింది! కింద చెక్క తేనె రంగులో ఉంది. మా అత్తయ్య కూడా అది చూసి కాస్త మెత్తబడింది, కానీ ఆకుపచ్చ మాత్రం ఉండకూడదని పట్టు.

చిత్రిక
అయితే ఇలా చెయ్యి. మూత లోపల ముందు, అక్షరాల మీద జెల్ పలచగా రాసి చెక్క పుల్లతో ఎత్తు, ఇనుము వద్దు. స్పిరిట్ తుడిచావంటే పెయింట్‌తో పాటు లక్క కూడా పోతుంది, అందుకని అక్కడ స్పిరిట్ వాడకు. రిమూవర్ కూడా లక్కని కొంత లాగుతుంది, అది ఒప్పుకోవాల్సిందే, పోయినచోట లక్క మళ్ళీ వెయ్యొచ్చు. పత్రిక కాగితాన్ని తడపకు, దాని చుట్టూ వదిలెయ్.

కోడు: మొత్తం మార్చక్కర్లేదు. పుచ్చినంత మేర ఏటవాలుగా కోసి పాత టేకు ముక్క అతికించి వెదురు సీల దింపమను. కొత్త ముక్కకి రంగు కలపమను, కానీ కింద తేదీ వేయమను, తర్వాత వచ్చేవాడు తికమక పడకుండా. స్టార్ స్క్రూ బందు అలాగే ఉంచినా తప్పులేదు, పాత ఇనుప బందు దొరికితే పాత చిల్లుల్లోనే బిగించు.

పురుగు చిల్లుల్లోంచి తెల్లటి పిండి రాలుతోందా? చిల్లు అంచు కొత్తగా మెరుస్తూ పిండి ఉంటే లోపల పురుగు బతికే ఉంది. అంచు నల్లబడి పిండి లేకపోతే ఎప్పటిదో, భయం లేదు.

గోదారి_గట్టు
పిండి లేదన్నయ్యా, నల్ల చిల్లులే, అవీ తెల్లచెక్క ఉన్న ఒక్క బద్దీకే. తర్వాత కొబ్బరి నూనె రాస్తే చాలా? మామ్మగారు పండగకి అదే రాసేవారట.

లక్కపిడత
వద్దండీ. కొబ్బరి నూనె, వేరుశెనగ నూనె ఆరవు, దుమ్ము పట్టుకుని జిడ్డవుతాయి. తేనెమైనం టర్పెంటైన్‌లో కరిగించి గుడ్డతో పలచగా రుద్దండి. మీ మేస్త్రి అవిసె నూనె అంటే సరే కానీ, ఆ నూనె గుడ్డలు ఉండచుట్టి మూల పడెయ్యొద్దు, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. పరిచి ఆరబెట్టి పారెయ్యండి.

అడితి_లెక్కలు
18 వేలాయనకి ఏం చెప్పారు?

గోదారి_గట్టు
అమ్మట్లేదని చెప్పానండి, వెంటనే 30 అన్నాడు. పెదనాన్నగారి వాటాకి వచ్చిన పడక్కుర్చీ ఇస్తారా అని కూడా అడిగాడు, దాని చేతులు చాపితే కాళ్ళు పెట్టుకునే రకం. దాని ఫోటోలు కూడా పెట్టమంటారా?

పాతసామాను_పిచ్చి
పెట్టండి, కింద నుంచి. కొత్త త్రెడ్ తెరవండి, ఇది పొడుగైపోయింది.